వజ్రదంతి: పేరు ఒకటే, మొక్కలు రెండు

హిమాలయాల ఎత్తైన పచ్చికబయళ్లలో వర్షాకాలమంతా పసుపు, ఎరుపు రంగుల్లో విరిసే చిన్న పువ్వుల మొక్కలు పొటెంటిల్లాలు. గులాబీ కుటుంబానికి చెందిన ఈ ప్రజాతిలో కొన్ని వందల జాతులున్నాయి. వాటిలో అత్యధికం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాల్లో పెరిగే బహువార్షిక మొక్కలు. శీతకాలంలో పైభాగం వాడిపోయినా, వేరు నేలలో సజీవంగా ఉండి మంచు కరిగాక మళ్లీ చిగురిస్తుంది. పువ్వుకు సాధారణంగా ఐదు రేకులుంటాయి. చాలా జాతుల ఆకులు స్ట్రాబెర్రీ ఆకులను తలపిస్తాయి. అయితే స్ట్రాబెర్రీలా కండగల పండు కాయదు. చిన్న ఎండుగింజలే ఏర్పడతాయి. శక్తి గలది అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి పొటెంటిల్లా అనే పేరు వచ్చింది.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా పూలలోయలో జూలై, ఆగస్టు నెలల్లో ముదురు ఎరుపు పొటెంటిల్లాలు కనువిందు చేస్తాయి. ఆ లోయ 1982లో జాతీయ ఉద్యానవనమైంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి పువ్వుకు చట్టం అండగా ఉంది. ఉద్యానవనాల హద్దులు దాటిన కొండవాలుల్లో మాత్రం పరిస్థితి వేరు.

కుమావూ, గఢ్వాల్ ప్రాంతాల్లో పసుపు పువ్వుల పొటెంటిల్లా ఫుల్జెన్స్‌ను వజ్రదంతి అంటారు. పంటినొప్పికి, చిగుళ్ల బాధకు దాని వేరు నమలడం అక్కడి ప్రజల అలవాటు. చిగుళ్లను బిగించే గుణమున్న టానిన్లు ఆ వేరులో పుష్కలం.

మైదానాల్లో వజ్రదంతి అనేది మరో మొక్క పేరు. మన కంచెల వెంట పెరిగే ముళ్లగోరింటే అది. దానిదీ పసుపు పువ్వే, దాన్నీ పంటి మందుగానే వాడతారు. కానీ అది అడ్డసరం కుటుంబానికి చెందినది. గులాబీ కుటుంబంతో దానికి బంధుత్వం లేదు.

ఈ భేదం కేవలం శాస్త్రజ్ఞుల పట్టింపు కాదు. ముళ్లగోరింట ఆకు కోసుకుంటే పొద చావదు. కొండ వజ్రదంతిలో విలువైనది వేరే. వేరును పూర్తిగా తవ్వితే మొక్క అంతరిస్తుంది. ఆ ఏడు గింజ రాలకముందే తవ్వితే తరువాతి తరమూ ఉండదు. చలిప్రదేశంలో ఎదిగే కాలం కొద్ది నెలలే కనుక, కొత్త మొక్క వేరు బలపడటానికి ఏళ్లు పడుతుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం వన్య వనరుల వాణిజ్య వినియోగానికి నియమాలు విధించింది. వాటివల్ల వచ్చే లాభంలో స్థానిక సమాజాలకు దేశీయ సంస్థలు కూడా న్యాయమైన వాటా ఇవ్వవలసిందేనని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో స్పష్టం చేసింది. చట్టంతోపాటు మొక్కను పొలాల్లో సాగుచేయడం, గింజ రాలాకే వేరు తీయడం, కొంత వేరును నేలలోనే విడిచిపెట్టడం అవసరం.

మూలికల పొట్లంపై వజ్రదంతి అనే పేరు కనిపించినప్పుడు అది ఏ మొక్క, అందులో ఏ భాగం, అడవిదా, సాగుచేసినదా అని కొనుగోలుదారు అడగడం మంచిది. కొండవాలున మిగిలిన మొక్కకు ఆ ప్రశ్న కూడా ఒక రక్షణే.