జవాబివ్వని ఉత్తరాల యంత్రం

1999 మార్చి 26, శుక్రవారం. అమెరికాలో ఎన్నో కార్యాలయాల ఈ-మెయిల్ సర్వర్లు ఉన్నట్టుండి మూగవోయాయి. యంత్రాలు కాలిపోలేదు, కరెంటు పోలేదు. 'మెలిస్సా' అనే వైరస్ ఒక వర్డ్ పత్రంలో దాక్కుని ఉత్తరంతోపాటు వచ్చింది. ఎవరైనా ఆ పత్రాన్ని తెరిచి, అందులోని మాక్రోను పనిచేయనిస్తే, వారి చిరునామాల పట్టికలో మొదటి 50 చిరునామాలకు తన ప్రతులను తానే పంపుకునేది. ఆ 50 మందీ తెరిస్తే 2,500 ఉత్తరాలు. వాళ్ళందరూ తెరిస్తే 1,25,000!

చిత్రమేమిటంటే, మెలిస్సా సర్వర్లలో దేనినీ విరగ్గొట్టలేదు. వాటికి రోజూ అలవాటైన పనినే, కుప్పలు తెప్పలుగా ఇచ్చింది, అంతే. పని ఎక్కువైతే యంత్రం నెమ్మదించాలి గాని, అసలు పలకకుండా పోవడమేమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

రైల్వే స్టేషనులో ఒకే ఒక టిక్కెట్ల కిటికీ ఉందనుకోండి. గుమాస్తా ఒక్కొక్కరికి సగటున ఒక నిమిషం తీసుకుంటాడు. అంటే గంటకు 60 మందిని పంపగలడు. ప్రయాణికులు మాత్రం లెక్క ప్రకారం నిమిషానికొకరు చొప్పున రారు గదా! ఒకసారి నలుగురు కలిసి వస్తారు, మరోసారి ఎవరూ రారు. కొందరికి చిల్లర వెతకాలి, కొందరి పని చిటికెలో అయిపోతుంది. గంటకు 30 మంది వస్తుంటే, ఒక్కొక్కరు వరుసలో నిలబడే కాలం సగటున ఒక నిమిషం. 54 మంది వస్తుంటే 9 నిమిషాలు. 59 మంది వస్తుంటే? 59 నిమిషాలు! రాక రెట్టింపు కూడా కాలేదు, నిరీక్షణ మాత్రం 59 రెట్లయింది. 60 దాటితే ఇక వరుసకు అంతే ఉండదు. ఇలాంటి లెక్కలకు పునాది వేసినవాడు ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు. 1909లో ఆయన టెలిఫోన్ పిలుపుల రాకను గురించి రాసిన వ్యాసంతో ఈ శాస్త్రం మొదలైంది.

ఉత్తరాల సర్వర్‌లో కిటికీలు చాలా ఉంటాయి. 'పోస్ట్‌ఫిక్స్' అనే ప్రసిద్ధమైన మెయిల్ ప్రోగ్రాం, మనం మార్చకపోతే, ఒక్కొక్క రకం పనికి 100 ప్రక్రియలకు మించి నడపదు. ఒక్కొక్క ప్రక్రియను ఒక కిటికీ అనుకుందాం. ఉత్తరం పుచ్చుకోవడానికి 2 సెకన్లు పడితే, 100 కిటికీలు సెకనుకు 50 ఉత్తరాలు తీసుకోగలవు. ఇప్పుడొక చిక్కు వచ్చిందనుకోండి. ఉత్తరం తెచ్చిన యంత్రం పేరు సరైనదేనా అని మన సర్వర్ 'డి.ఎన్.ఎస్.' అనే పేర్ల చిట్టాను అడుగుతుంది. ఆ చిట్టా ఉన్న యంత్రం బదులు చెప్పక, ఒక్కో ఉత్తరానికి 20 సెకన్లు పట్టసాగింది. అప్పుడు సెకనుకు 5 ఉత్తరాలే! 101వ వాడు గుమ్మం బయటే ఉండిపోతాడు. అతని దృష్టిలో మన సర్వర్ చచ్చిపోయింది.

నిజానికి ఆ సమయంలో సర్వర్ మెదడైన ప్రాసెసర్ దాదాపు ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ ఉంటుంది! ఇది తెలియనివారు ఇంకా పెద్ద ప్రాసెసర్ కొంటారు. డబ్బు దండగ. కిటికీలు పెంచేద్దామంటారు మరికొందరు. అవసరాన్ని బట్టి అదీ మంచిదే గాని, ప్రతి కిటికీకీ కొంత జ్ఞాపకశక్తి కావాలి. అది నిండిపోతే యంత్రం కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి దింపుతూ, మళ్ళీ పైకి తెచ్చుకుంటూ ఉంటుంది. ఆ దింపుడు ఎక్కుడులతోనే పొద్దు గడిచిపోతుంది, ఉత్తరాల పని ఆగిపోతుంది. అందుచేత వరుస ఎక్కడ పెరుగుతోందో ముందు వెతకాలి: ప్రాసెసర్ దగ్గరా, జ్ఞాపకశక్తి దగ్గరా, పేర్ల చిట్టా దగ్గరా, డిస్క్ దగ్గరా?

చాలాసార్లు దొరికే దొంగ డిస్కే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ సెకనుకు తిరిగేది 120 చుట్లు. ఒక్కొక్క ఉత్తరాన్నీ విడిగా, గట్టిగా రాయాలంటే సెకనుకు నూరు రాతలు దాటడం కష్టం. మరి అంత శ్రమ ఎందుకు, తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచుకుని "అందింది" అనేస్తే పోలేదా?

పోదు! ఈ-మెయిల్ వ్యవస్థకు ప్రాణం అక్కడే ఉంది. 1982లో రూపొందిన ఎస్.ఎం.టి.పి. నియమాల ప్రకారం, పుచ్చుకున్న సర్వర్ 250 అనే సంఖ్య పలికితే, ఇక ఆ ఉత్తరం బాధ్యత దానిదే. పంపినవాడు తన ప్రతిని చెరిపేస్తాడు. 250 అన్న మరుక్షణం కరెంటు పోతే, ఆ ఉత్తరం లోకంలో ఎక్కడా ఉండదు. ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తో, ఆసుపత్రికి పంపిన పరీక్షా ఫలితమో అలా మాయమైతే ఎవరిని అడుగుతాం?

కాబట్టి మోయలేని సర్వర్ చేయవలసినది, ధైర్యంగా "ఇప్పుడు కాదు, తర్వాత రా" అనడం. దానికీ ఒక సంఖ్య ఉంది, 421. అది విన్న సర్వర్ ఉత్తరాన్ని తన దగ్గరే భద్రంగా ఉంచుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది. కనీసం 30 నిమిషాలు ఆగి రావాలనీ, 4, 5 రోజులైనా ప్రయత్నం మానకూడదనీ నియమం. 'సెండ్‌మెయిల్' అనే పాత ప్రోగ్రాంలో ఈ తెలివి ముందే పెట్టారు. ప్రాసెసర్ కోసం కాచుకున్న పనుల సగటు సంఖ్య, ఒక్కో ప్రాసెసర్‌కు 8 దాటితే వచ్చిన ఉత్తరాన్ని వెంటనే బట్వాడా చేయక పక్కన పెడుతుంది. 12 దాటితే కొత్తవారికి తలుపు తీయదు.

ఇంకొక్క మాట. పలకని సర్వర్‌ను ఆపి మళ్ళీ నడిపిస్తే, బయట కాచుకున్న యంత్రాలన్నీ ఒక్కసారిగా తోసుకువస్తాయి. రెండు నిమిషాల్లో మళ్ళీ మొదటికే. అనుభవజ్ఞులు మొదట కొద్ది కిటికీలే తెరిచి, పేరుకున్నది కరిగిన కొద్దీ మిగిలినవి తెరుస్తారు. మెలిస్సా విషయంలో ఇంకో సౌకర్యం ఉండేది: ఆ ఉత్తరాలన్నింటి శీర్షికా ఒకే మాటలతో మొదలయ్యేది. ఆ శీర్షికను పట్టి గుమ్మంలోనే తిప్పికొట్టే జల్లెడను సెండ్‌మెయిల్‌కు తగిలించారు.