ఆమె పేరున వ్రాసిన దెవరు?

వాకిలి మూసి గడియ వేసికొన్నచో దుర్జనుడు లోనికి రాజాలడని మనవారి నమ్మకము. కాని గత శతాబ్దపు చివరి దినములలో ఇంటర్నెట్ వ్యాపించిన పిమ్మట, దూరముననే యుండి యింటిలోని స్త్రీని వేధించుట దుష్టులకు సులభమైనది. ఆ తొలినాళ్ల యుదంతము నొకదానిని మా సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

అమెరికాలోని లాస్ ఏంజలీస్ ప్రాంతమున 28 ఏండ్ల యువతి యొకతె యుండెను. 50 ఏండ్ల వయసు గలిగి, పూర్వము కావలి యుద్యోగము చేసిన వాడొకడు ఆమెపై మనసు పడెను. ఆమె నిరాకరింపగా వాడు పగబూనెను. ఒకరి మొగమొకరు చూడకయే జనులు వ్రాతమూలమున సంభాషించుకొను చాట్ రూములు ఆ కాలమున ప్రబలియుండెను. అచ్చట ఎవడే పేరు చెప్పుకొన్నను అడుగువారు లేరు. వాడా యువతి పేరు దాల్చి, తన్ను బలాత్కరింపవలెనని ఆమెయే కోరుచున్నట్లు నీచములైన ప్రకటనలు వ్రాసి, ఆమె యింటి చిరునామాను, టెలిఫోను సంఖ్యను వానికి జతచేసెను. ఆ మాటలు నమ్మి, 6 మారులకు తక్కువ గాకుండ, ఒక్కొక్కప్పుడు నడిరేయిని, అపరిచితులు వచ్చి ఆమె తలుపు తట్టిరి. ఆ వ్రాతలు తనవి కావని ఆమె తలుపునకు చీటి యంటింపగా, అదియు నాటకములోని భాగమేయని వాడు మరల వ్రాసెను!

ఆ యువతికి సొంత కంప్యూటరే లేదు. 'ఆడపిల్ల ఆ యంత్రమును ముట్టకున్న ఏ బాధయు నుండదు' అనువారు ఈ సంగతిని గమనింపవలెను. మోసగానికి ఆమె పేరు తెలియుటయే చాలెను.

ఈ యాపదలో ఆమె తండ్రి చేసిన పని శ్లాఘనీయము. అతడు తానే ఆ ప్రకటనలకు బదులిచ్చు వానివలె నటించి, వ్రాతలను సేకరించి, అధికారులకు తోడ్పడెను. అట్టి వేధింపును శిక్షించు చట్టము కాలిఫోర్నియాలో 1999లో అమలునకు వచ్చియుండెను. ఆ ఏప్రిలులోనే దోషి తన నేరము నొప్పుకొనెను. వానికి 6 సంవత్సరముల కారాగారశిక్ష పడెను.

ఇది పరదేశపు వింత యని తలపరాదు. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ లభించినది 1995 ఆగస్టు 15న. కొలది యేండ్లకే ఢిల్లీ నగరమున నొకడు ఇట్లే యొక గృహిణి పేరుతో చాట్ రూములో ప్రవేశించి, ఆమె టెలిఫోను సంఖ్యను పంచిపెట్టెను. 3 దినములలో పరపురుషులనుండి ఆమెకు సుమారు 40 ఫోను పిలుపులు వచ్చెను. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున ఇట్టి వెంబడింపును గూర్చిన నిబంధన లేదు. అందుచే పోలీసులు భారత శిక్షాస్మృతిలోని పాత 509వ సెక్షనునే యాశ్రయింపవలసి వచ్చెను. వెంబడించుట ప్రత్యేక నేరమైనది 2013లో. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను ప్రకారము, మొదటిసారి దోషిగా తేలినవానికి 3 ఏండ్లవరకు, మరల చేసినవానికి 5 ఏండ్లవరకు ఖైదును, జరిమానాయు గలవు.

చట్టమున్నను సాక్ష్యము కావలయును. కావున భయముచేతనో, సిగ్గుచేతనో ఆ వ్రాతలను చెరిపివేయరాదు. తేదీయు, సమయమును కనబడునట్లు వాని ప్రతిబింబములను భద్రపరుపవలెను. వేధించువానితో వాదులాటకు దిగరాదు. సమీపమందలి పోలీసు ఠాణాలో గాని, జాతీయ సైబర్ నేరముల పోర్టలులో గాని ఫిర్యాదు చేయవచ్చును. 181 సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకు సహాయము లభించును. తెలంగాణమున 2014లో నెలకొల్పబడిన షీ టీములు గూడ ఇట్టి ఫిర్యాదులు స్వీకరించును.

తల్లులకు మా మనవి యొకటి గలదు. కూతురు కన్నీటితో వచ్చి యిట్టి సంగతి చెప్పినపుడు 'నిప్పు లేనిదే పొగ రాదు' అనకుడు. పొగ పెట్టినవాడు వేరొకడు. ఆ మాటతో ఆమె నోరు మూతపడును; వాని దుర్మార్గమునకు అడ్డు లేకపోవును. 'భయపడకుము, ఆ వ్రాత లేవి చూపుము, కలిసి పోదము' అని చేయి పట్టుకొనుడు. ఆమెకు అప్పుడు కావలసిన ధైర్యము ఇంటిలోనివారే యీయగలరు.