రెక్కలకు మరో పేరు

జడ్చర్ల మీదుగా రాయచూరుకు వెళ్ళే బస్సు కర్ణాటకలో ప్రవేశించాలంటే రెండు రాష్ట్రాల నడుమ రవాణా ఒప్పందం ఉండాలి. ఆకాశమార్గానికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం ప్రతి దేశానికీ తన గగనతలంపై సంపూర్ణాధికారం ఉంటుంది. కనుక ఒక దేశపు విమానం మరొక దేశంలో దిగాలంటే ఉభయ ప్రభుత్వాల అంగీకారం అవసరం. అయితే ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వాన్ని గుర్తించనప్పుడు ప్రయాణికుల గతి ఏమిటి?

తైవాన్ విషయంలో ఈ చిక్కే ఎదురయింది. 1949లో చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడగా, జాతీయవాద ప్రభుత్వం తైవాన్ ద్వీపానికి తరలిపోయింది. యావత్ చైనాకు తామే ప్రతినిధులమని ఇరుపక్షాలూ వాదించాయి. 1972లో జపాన్ బీజింగ్ ప్రభుత్వాన్ని గుర్తించి, 1974 ఏప్రిల్‌లో దానితో విమానయాన ఒప్పందం చేసుకొన్నది. తైవాన్ విమానాలపై గల పతాకాన్ని జాతీయ పతాకంగా పరిగణించబోమని కూడా ప్రకటించింది. ఆగ్రహించిన తైవాన్ జపాన్‌తో విమాన రాకపోకలను నిలిపివేసింది. వర్తకులు, విద్యార్థులు, ఇరుచోట్లా బంధువులున్న కుటుంబాలు ఏడాదికి పైగా ఇబ్బందులు పడవలసి వచ్చింది.

చివరకు ఒక ఉపాయం తోచింది. ప్రభుత్వాలకు బదులు ప్రభుత్వేతర సంఘాలు ఒప్పందం కుదుర్చుకొన్నాయి. 1975 ఆగస్టులో జపాన్ ఎయిర్‌లైన్స్ 'జపాన్ ఏషియా ఎయిర్‌వేస్' అనే అనుబంధ సంస్థను నెలకొల్పింది. మాతృసంస్థ చైనాకు, అనుబంధ సంస్థ తైవాన్‌కు విమానాలు నడిపాయి. జాతీయ విమాన సంస్థ తైవాన్‌కు వెళ్ళడం లేదని జపాన్ చెప్పుకోగలిగింది. తైవాన్‌కు విమానాలు తిరిగి వచ్చాయి. 1978లో నరితా విమానాశ్రయం ప్రారంభమైన తరువాత కూడా తైవాన్ వారి చైనా ఎయిర్‌లైన్స్ 2002 వరకు హనెదాలోనే దిగేది. ఆ విధంగా ఇరుపక్షాల విమానాలు టోక్యోలో ఒకేచోట నిలిచే అవసరం తప్పింది.

ఇతరులూ ఈ మార్గాన్నే అనుసరించారు. 1993లో వెలసిన 'బ్రిటిష్ ఏషియా ఎయిర్‌వేస్' విమానాల తోకపై బ్రిటన్ పతాక చిహ్నానికి బదులు చైనా లిపిలోని అక్షరాలు కనిపించాయి. 1995లో 'స్విస్ ఎయిర్ ఏషియా' తన విమానాల తోకపై తెల్లని శిలువను తొలగించి, చైనా అక్షరాన్ని చిత్రించింది.

2008లో జపాన్ ఏషియా ఎయిర్‌వేస్ మాతృసంస్థలో విలీనమైంది. తైవాన్ ప్రతిపత్తిని గురించిన వివాదం మాత్రం అలాగే మిగిలింది. పేరు మార్చినంత మాత్రాన పగలు చల్లారవు. కాని అవి చల్లారేదాకా వేచి ఉండే వ్యవధి ప్రయాణికునికి ఉండదు. ఇరుపక్షాల పట్టుదలలకూ భంగం కలుగకుండా అతనికి దారి చూపడమే ఈ మారుపేర్లు చేసిన మేలు.