వ్రేలిముద్రయు, దూరపు తీర్పును

పలాస జీడిపప్పు పేరు వినని తెలుగు గృహిణి యుండదు. ఆ పప్పును పిక్కనుండి వేఱుచేయు చేతులు చాలవఱకు స్త్రీలవే. జీడిపిక్క పెంకులో చర్మమును పొక్కించు ఘాటైన నూనె గలదు. ఏండ్లతరబడి యీ పని చేయువారి వ్రేళ్లకొనలు నల్లబడి, చర్మము లేచి, గీతలు మాసిపోవుచుండును. నేడు ఇంటి బియ్యము ఆ గీతలతోనే ముడిపడియున్నది. కావున నీ సంగతి మన మెల్లరము తెలిసికొనవలయును.

మన రాష్ట్రమున 2015 నుండి చౌకధరల దుకాణములందు, అనగా మన డిపోలలో, ఈ-పాస్ యంత్రములను ప్రవేశపెట్టిరి. చేత నిముడునట్టి యీ పెట్టెకు వ్రేలిముద్ర తీయు గాజుపలక యుండును. తూకపు కాటాను సయితము దీనితో జతచేసిరి. గృహిణి వ్రేలుంచగానే యంత్రము ఆ ముద్రను గుప్తలిపిగా మార్చి, సెల్‌ఫోను తరంగములద్వారా దూరమందలి సర్వరునకు బంపును. అచ్చటినుండి యది ఆధార్ సంస్థ భాండారమును జేరును. అందు దాచియున్న ముద్రతో సరిపోల్చి, ‘ఔను’ అనియో ‘కాదు’ అనియో మాత్రమే బదులు పంపుదురు. ‘ఔను’ అన్నచో బియ్యము తూచి రసీదు నిత్తురు. ఒకరి బియ్యమును వేఱొకరు కాజేయకుండుట కిది మంచి యేర్పాటే.

అయినను ఇందొక చిక్కు గలదు. ఎదుటనున్న డీలరు ఆమెను చిన్ననాటినుండి యెఱిగినవాడైనను, తీర్పు చెప్పువా డతడు కాడు. దూరపు సర్వరునకు ఆమె ముఖము తెలియదు, ఆమె చేయు పని తెలియదు. గీతలు మాసిన వ్రేలికి ‘కాదు’ అనును. నడుమ తరంగము తెగినను అంతియే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు విద్యుత్తుతోపాటు ఫోనులును మూగవోయినవి. పైగా ఉద్దానమున కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలములందు మూత్రపిండవ్యాధిపీడితులు పెక్కుమంది గలరు. రోగిని ఇంట విడిచి, ఆనాటి కూలి పోగొట్టుకొని వచ్చిన యిల్లాలు వట్టి సంచితో మరలుట స్వల్ప నష్టమా?

అట్లు మరలనక్కఱలేదు. వ్రేలిముద్ర కుదరలేదను కారణముచే బియ్యము నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వము 2017 అక్టోబరు 24న రాష్ట్రముల కాదేశించినది. ముద్ర సరిపడనంత మాత్రమున హక్కు పోరాదను మాటను 2018 సెప్టెంబరు 26నాటి ఆధార్ తీర్పునందు సుప్రీంకోర్టును చెప్పినది.

కావున సోదరీమణులు చేయదగినది యేమనగా: ఆధార్‌నందు పది వ్రేళ్ల ముద్రలును ఉండును గనుక, ఒకటి కుదరకున్నచో చేతులు కడిగి, తుడిచికొని, వేఱొక వ్రేలు పెట్టి చూడవలెను. కనుపాప చూచు పరికరమున్నచో దాని నడుగవలెను. తఱచుగా నిట్లగుచున్నచో ఆధార్ కేంద్రమునకు బోయి ముద్రలను మరల నిప్పింపవలెను. అప్పటికిని కుదరనియెడల ఆధార్, బియ్యపు కార్డులను జూపి, తమ పేరు వేఱుగా వ్రాసికొని బియ్యము నిమ్మని నిర్భయముగా కోరవలెను. చదువెఱిగినవారు ఇరుగుపొరుగు స్త్రీలకు ఈ సంగతి తెలియజెప్పుట కనీసధర్మము. కష్టించి పనిచేసిన చేయియే యాకటికి కారణము కారాదు గదా!