బొచ్చెయా, శీలావతియా, సంకరమా?

చేపల అంగడిలో బొచ్చెను, శీలావతిని వేరుపరచుట కష్టము కాదు. బొచ్చె తల పెద్దది, మేను వెడల్పు, నోరు పైకి తిరిగియుండును. శీలావతి తల చిన్నది; మేను కోల; నోరు కొంచెము క్రిందికి ఉండును, క్రింది పెదవి అంచున కుచ్చు కనిపించును. సంకరపు చేప తల బొచ్చె తలకన్న చిన్నది. మేను శీలావతికన్న వెడల్పైనది.

ఈ సంకరము పుట్టుట ఎట్లు? 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హిగార్లు పీయూష గ్రంథి రసమును ఎక్కించి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి చేపపిల్లల ఉత్పత్తి సులభమైనది. కాని ఒకే తొట్టిలో రెండు జాతుల తల్లిచేపలను విడిచినచో, కోరని సంకరమును పుట్టును.

సంకరపు చేప గొడ్డు కాదు. చిక్కంతయు అచ్చటనే కలదు. అది మరల బొచ్చెతో కలిసినచో, ఆ సంతానము కంటికి అచ్చమైన బొచ్చెవలెనే తోచవచ్చును. అప్పుడు జన్యు పరీక్షయే శరణ్యము. అట్టి పిల్లలు వరదనీటితో నదిని చేరినచో, అచటి శుద్ధ జాతియు కలుషితమగును.

తినుటకు సంకరపు చేపలో లోపమేమియు లేదు. కావున సందేహము కలిగిన చేపను వంటయింటికి పంపవలెనేగాని, తల్లిచేపగా ఉంచరాదని మా మనవి.