నూటపాతికేళ్ల పండుగకు పేరేమిటి?

అమెరికా స్వాతంత్ర్యానికి 2026 జూలై 4తో 250 ఏళ్లు. ఆ వేడుకకు వాళ్లు వాడుతున్న పేరు సెమీక్విన్‌సెంటెన్నియల్. ఇంగ్లీషు తల్లిభాషగా పెరిగినవాళ్లకే నోరు తిరగని మాట. విడదీస్తే మాత్రం ఐదు వందల్లో సగం, అంతే. నూటయాభై ఏళ్లయితే సెస్క్విసెంటెన్నియల్. లాటిన్‌లో సెస్క్వి అంటే ఒకటిన్నర. నూట ఇరవై ఐదుకు సరైన మాట దొరకక, ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెలవాన్ అనే చిన్న ఊరి 1962 ఉత్సవం కోసం నిఘంటు సంపాదకుడు రాబర్ట్ చాప్‌మన్ క్వాస్క్విసెంటెన్నియల్ అనే పదాన్ని కొత్తగా కట్టి ఇచ్చాడు. పావు కలిసిన వంద అని దాని భావం. ఇంతటి పదాలు తెలుగులో లేవే అని చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. అందుకు కారణమేమీ లేదు.

పాతిక అనే మాటనే చూడండి. పాతిక అంటే పావు భాగం. వందలో పావు కాబట్టి ఇరవై ఐదుకు అదే పేరయింది. నూటపాతిక అంటే వంద, దాని మీద వందలో పావు. చాప్‌మన్ లాటిన్ ముక్కలు అతికించి సాధించినదాన్ని సంతలో మిర్చి బేరమాడే మనిషి రోజూ అలవోకగా అంటున్నాడు. సంస్కృతంలోనూ ఇదే పద్ధతి. వివేకానందుడి నూటయాభయ్యో జయంతిని సార్ధశతి అన్నారు. సగంతో కూడిన వంద, అచ్చంగా సెస్క్వి నిర్మాణమే. భద్రాచలం అడవులకు ఆనుకునే ఉన్న రంప ఏజెన్సీలో తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజుకు 2022 జూలై 4న నూటపాతికేళ్లు నిండాయి. 125వ జయంతి అన్న మామూలు మాటతోనే ఆ వేడుక ఘనంగా జరిగింది.

పెద్ద సందర్భానికి పెద్ద మాట ఉండాలి కదా, రోజువారీ మాటతో గౌరవం ఎలా వస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ గౌరవం పదం పొడవులో లేదనడానికి భద్రాచలమే సాక్ష్యం. అక్కడ శ్రీరామనవమి నాడు కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం ఏటా జరుగుతాయి. పన్నెండేళ్లకొకసారి ఆ పట్టాభిషేకం పుష్కర పట్టాభిషేకమవుతుంది; అరవై ఏళ్లకొకసారి మహా సామ్రాజ్య పట్టాభిషేకం. 1987లో సామ్రాజ్య పట్టాభిషేకం జరిగింది. తర్వాత 1999, 2011, 2023లలో పుష్కర పట్టాభిషేకాలు. 1987 ప్రభవ నామ సంవత్సరం, అరవై పేర్లలో మొదటిది. పుష్కరం, షష్టిపూర్తి కూడా సంస్కృతపు మాటలే. అయినా ఏజెన్సీ పల్లెల్లో వాటికి అర్థం చెప్పాల్సిన పని లేదు, ఎందుకంటే వాటి వెనుక చేయాల్సిన పని ఉంది: నదికి వెళ్లాలి, మునగాలి, పెద్దల్ని తలుచుకోవాలి, పీటల మీద కూర్చోవాలి. చేసే పనితో ముడిపడిన మాట నిలుస్తుంది. సార్ధశతి వెనుక అలాంటి పనేమీ లేదు కాబట్టే అది ఆహ్వాన పత్రిక దాటి రాలేదు.

ఇంకో తేడా కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. సెంటెన్నియల్ వంశపు మాటలన్నీ మొదలైన చోటు నుంచి ఎంత దూరం వచ్చామో కొలుస్తాయి. నూటపాతిక ఒక్కసారే వస్తుంది. పుష్కరం తిరిగి వస్తుంది. బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి పుష్కరాలు. 2015లో జరిగాయి, మళ్లీ 2027లో. ఎన్నోది అని ఎవరూ లెక్కపెట్టరు.

ఈ తిరిగొచ్చే లెక్క గుడికీ నదికీ సరిపోతుంది గానీ చరిత్రకు పనికిరాదనే అభ్యంతరం సబబైనదే. బొగ్గు గనికి పుష్కరం చేయలేం. ఇల్లెందు ప్రాంతంలో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించింది 1871లో. తవ్వకాలు 1889లో మొదలయ్యాయి. సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైంది 1920 డిసెంబర్ 23న. ఆ చివరి తేదీకే వందేళ్ల పండుగ జరిగింది. 2021లో బొగ్గు బయటపడిన నూటయాభయ్యేళ్లు మాత్రం పెద్దగా ఎవరి నోటా వినపడలేదు. మాట లేకనా? నూటయాభై అందరికీ వచ్చిన మాటే. కంపెనీకి పుట్టినతేదీ రాసిపెట్టిన కాగితం ఉంది, నేలలోని బొగ్గుకు లేదు. గనిలో దిగినవాళ్ల లెక్క ఏ తేదీ నుంచి మొదలవ్వాలో తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని. లాటిన్ పదం ఆ పని చేసిపెట్టదు.

ఇల్లెందు బొగ్గుకు 2046లో నూటడెబ్బై ఐదేళ్లు నిండుతాయి. ఇంగ్లీషులో దానికి డోడ్రాన్స్‌బైసెంటెన్నియల్ అనే మాట ఉంది, రెండో వందలో ముప్పావు అని అర్థం. మనకైతే పాతిక తక్కువ రెండొందలు. ఆ మరుసటి ఏడాదే ప్రభవ తిరిగొస్తుంది, భద్రాచలంలో సామ్రాజ్య పట్టాభిషేకానికి వేళవుతుంది.