గుమ్మడికాయ గింజలు, చిన్నారి వేళ్లు

అమెరికాలో ఉన్న కొడుకులు, కూతుళ్ల ఇళ్లకు వెళ్లి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. అక్కడి చిన్నపిల్లల బడిలో అక్టోబరు నెలంతా గుమ్మడికాయలతో, సాలీడు బొమ్మలతో ఆడిస్తారు గాని అక్షరాలు దిద్దించరేమని వారి దిగులు. ఆ ఆటల వెనుక ఉన్న సంగతి ఈ సంచికలో తెలుసుకుందాం.

హాలోవీన్ అక్టోబరు 31న వస్తుంది. నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల దినానికి ముందు రాత్రి గనుక ఆ పేరు వచ్చింది. గుమ్మడికాయను తొలిచి, కళ్లు, నోరు కోసి లోపల దీపం పెడతారు. ఈ పండుగ జరుపుకోని కుటుంబాలు కూడా ఉన్నాయి. పండుగ మాట ఎలా ఉన్నా, గుమ్మడికాయతో చేసే పని పిల్లల చేతికి మంచిదే.

ముందు వేళ్లకు బలం

పుట్టినప్పుడు మణికట్టులోని 8 చిన్న ఎముకలు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. చివరిది గట్టిపడేసరికి దాదాపు పదేళ్లు వస్తాయి. మూడేళ్లకు గుండ్రంగా గీత గీయడం, నాలుగేళ్లకు రంగు క్రేయాన్‌ను పిడికిలితో కాక వేళ్లతో పట్టుకోవడం సాధారణంగా వస్తాయి. అంతకు ముందే పెన్సిలు పట్టించి బలవంతంగా దిద్దిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే భయం పుడుతుంది.

ఏ ఆటతో ఏ లాభం?

1. గుమ్మడికాయలోని పీచు, గింజలు చేత్తో తీయడం: అరచేతికి, వేళ్లకు బలం వస్తుంది.

2. నారింజ రంగు కాగితాన్ని చిన్న ముక్కలుగా చింపి గుమ్మడికాయ బొమ్మపై అంటించడం: బొటనవేలు, చూపుడు వేలు కలిసి పనిచేస్తాయి.

3. నల్లని ఉన్ని బంతులను సాలీళ్లు అనుకొని చిన్న పట్టకారుతో గిన్నెలో వేయడం: పెన్సిలు పట్టుకొనే కండరాలకు ఇదే వ్యాయామం.

4. అట్ట పళ్లెం అంచున చిల్లులు పెట్టి, దారం దూర్చి సాలెగూడు అల్లడం: కన్ను, చెయ్యి కలిసి పనిచేయడం అలవాటవుతుంది.

5. అట్ట గొట్టానికి గాజు గుడ్డ చుట్టి మమ్మీ బొమ్మ చేయడం: కట్టు కట్టేటప్పుడు మేము చేసినట్టే, ఒక చెయ్యి పట్టుకుంటే రెండోది చుడుతుంది. రేపు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఈ నేర్పే కావాలి.

ఒక్కో ఆట పది నిమిషాలు చాలు. బిడ్డ విసుక్కుంటే ఆపేయండి.

జాగ్రత్తలు

మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు, పూసలు, చిన్న ఉన్ని బంతులు ఇవ్వవద్దు. గొంతులో అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద పిల్లలు ఆడేటప్పుడు కూడా పెద్దవారు పక్కనే కూర్చోవాలి. కత్తితో కోయడం పెద్దల పని. గుమ్మడికాయలో పెట్టే చిన్న బ్యాటరీ దీపాల్లో బొత్తాం లాంటి బ్యాటరీ ఉంటుంది. బిడ్డ దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఏడుపు లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఎప్పుడు చూపించాలి?

- 4 నెలలు నిండినా పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉంటే
- ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేస్తే
- ఏడాది దాటినా బొటనవేలు, చూపుడు వేలుతో చిన్న వస్తువు తీయలేకపోతే
- ఇంతకు ముందు చేసిన పని ఇప్పుడు చేయలేకపోతే

ఎడమచేతి వాటమేమో, పెద్దయితే అదే వస్తుందేమో అని ఊరుకోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైన వ్యాయామం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

మన ఇంట్లో

ఇందుకు అమెరికా వెళ్లనక్కరలేదు. కూరకు తెచ్చిన గుమ్మడికాయ లోపలి పీచు బిడ్డ చేత తీయించండి. బఠాణీ కాయలు ఒలిపించండి, చపాతీ పిండి పిసికించండి. పండ్లు, కూరగాయలు, గింజలు నోట్లో పెట్టుకోకుండా చూస్తూ పక్కనే ఉండండి. సెల్‌ఫోను మీద వేలు జరపడం వల్ల ఈ బలం రాదు. వంటింట్లో కాస్త చెత్త పడితే ఊడ్చుకోవచ్చు. బిడ్డ వేళ్లు గట్టిపడ్డాక పలక, బలపం వాటంతట అవే చేతికి వస్తాయి.